గిన్నె తప్పేం లేదు

ఆధార్ కార్డు ప్రకారం మా అమ్మ పుట్టినరోజు జనవరి 1. నిజంగా ఎప్పుడు పుట్టిందో ఇంట్లో ఎవరికీ తెలియదు. వరికోతలప్పుడు పుట్టిందని అమ్మమ్మ చెప్పేదట, అంతే. బడిలో చేర్చుకున్న సారు ఒక తేదీ వేసేశారు, అదే ఖాయమైపోయింది. మీ ఇళ్లల్లో కూడా ఇట్లాంటి జనవరి ఒకటి పుట్టినరోజులు ఒకటో రెండో ఉండే ఉంటాయి.

పోయిన జనవరి 1కి హాస్టల్ నుంచి ఇంటికి, అంటే చివ్వెంలకు పోయినప్పుడు, నేనూ చెల్లె కలిసి అమ్మకు కేక్ చేద్దామనుకున్నాం. సూర్యాపేటకు పోయి బేకరీలో కొనుక్కురావచ్చు. కానీ అమ్మ పేరు మీద కోసే మొదటి కేక్ అది, మనమే చేయాలని చెల్లె పట్టుబట్టింది. ఓవెన్ లేదు కాబట్టి కుక్కర్ కేక్. అడుగున ఉప్పు పోసి, గాస్కెట్టు, విజిల్ తీసేసి, స్టాండ్ పెట్టి, పది నిమిషాలు వేడి చేశాం. ఇంట్లో ఉన్న వాటిలో బాగా మెరిసే స్టీల్ గిన్నె తీసి, లోపల కొంచెం వెన్న రాసి, పిండి పోసి పెట్టాం. నలభై ఐదు నిమిషాల తర్వాత పుల్ల గుచ్చితే శుభ్రంగా బయటికొచ్చింది. ఇల్లంతా వెనీలా వాసన. పక్కింటి పిల్లలు అప్పటికే వాకిట్లోకి వచ్చేశారు.

గిన్నె పళ్లెంలో బోర్లించాం. ఏమీ పడలేదు. వీపు మీద తట్టాం. గరిటెతో కొట్టాం. చెల్లె చాకు పెట్టి తిప్పింది. చివరికి పైసగం దబ్బున పళ్లెంలో పడింది, కిందిసగం గిన్నెలోనే ఉండిపోయింది. పడిన సగమైనా ముక్కలు ముక్కలు. ఆ ముక్కల కుప్పలోనే కొవ్వొత్తి గుచ్చాం. "ఏం గాదు తీ, కడుపులకు పోయేదే గదా" అని అమ్మ ముక్కలు పిల్లలకు పంచి, తను గిన్నె ఒళ్లో పెట్టుకొని చెంచాతో అడుగు గీకి తిన్నది. మాడు బాగుందన్నది కూడా.

ఇక్కడిదాకా అయితే నవ్వుకొని వదిలేసేవాణ్ణే. మరుసటి పొద్దున్నే చలిలో అమ్మ నల్లా దగ్గర కూర్చొని ఆ గిన్నెను స్టీల్ పీచుతో తోముతున్నది. రాత్రంతా నానబెట్టినా వదల్లేదు. నేను గడప మీద కూర్చొని ఫోన్‌లో మన క్లాసు గ్రూపు చూస్తున్నా. కేక్ ఫొటో పెడితే ఇరవై మంది సలహాలు ఇచ్చారు. అందులో పదిహేను మందిది ఒకటే మాట: నాన్‌స్టిక్ టిన్ను కొనరా బాబూ.

నేను ఈ వ్యాసం రాస్తున్నది ఆ పదిహేను మంది తప్పని చెప్పడానికి. టిన్ను కొనాల్సిన పని లేదు. అంటుకోవడం గిన్నె స్వభావం కాదు, మనం చేసిన రెండు మూడు పనుల ఫలితం. ఆ రెండు మూడు పనులు మన ఇళ్లల్లో ఆడవాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. మనమే అడగలేదు.

ముందు అసలు అంటుకోవడం అంటే ఏమిటో చూద్దాం, ఎంతైనా ఇంజినీరింగ్ కాలేజీ కదా. నునుపుగా కనిపించే గిన్నెలో కూడా సన్నని గీతలు, గుంటలు ఉంటాయి. కేక్ పిండి జారుగా ఉంటుంది కాబట్టి వాటిలోకి పోతుంది. వేడెక్కే కొద్దీ గుడ్డులోని ప్రొటీన్లు విచ్చుకొని, ఒకదాన్నొకటి పట్టుకొని గట్టిపడతాయి, దొరికితే లోహాన్ని కూడా పట్టుకుంటాయి. మైదాలోని పిండి పదార్థం నీళ్లు పీల్చి ఉబ్బి జిగురవుతుంది. మైదా ఉడికించి పోస్టర్లు అంటించే జిగురు చేస్తారు కదా, అదే జిగురు. దీనికి తోడు చక్కెర. అంచుల్లో కరిగి పాకమై, చల్లారితే బిగుసుకుంటుంది. అంటే మనం గిన్నెలో పోసేది మూడు రకాల జిగుర్ల మిశ్రమం. అంటుకోకుండా వస్తేనే ఆశ్చర్యపోవాలి.

కాబట్టి జిగురుకూ లోహానికీ మధ్య ఏదో ఒకటి అడ్డం ఉండాలి. ఆ అడ్డమే నెయ్యి. మేం వెన్న రాశాం, అదే మొదటి తప్పు. వెన్నలో కొవ్వు సుమారు 80 శాతమే. మిగిలినదాంట్లో నీళ్లు 16 శాతం దాకా ఉంటాయి, కొంచెం పాల పదార్థం ఉంటుంది. నీళ్లు ఆవిరైపోతే ఆ చోట గిన్నె బోసిపోతుంది. పాల పదార్థం మాడి తనే జిగురవుతుంది. నెయ్యిలో ఈ బాధ లేదు, వెన్నను కాచి ఆ రెండింటినీ ముందే తీసేశాం కాబట్టి. నెయ్యి కూడా కరిగింది కాదు, పేరుకున్నది రాయాలి. పల్చటి నూనె రాస్తే గోడల మీంచి జారి అడుగున మడుగు కడుతుంది. అడుగు ఊడుతుంది, గోడలు పట్టుకుంటాయి. పేరుకున్న నెయ్యి వేసిన చోటే ఉంటుంది. మూలల్లో, అడుగూ గోడా కలిసే గీత దగ్గర, వేలితో ఇంకోసారి తిప్పాలి. కేక్ ఎక్కువగా చిరిగేది అక్కడే.

నెయ్యి మీద ఒక చెంచా మైదా వేసి, గిన్నెను చుట్టూ తిప్పి, అంతటా పట్టాక బోర్లించి తట్టి మిగిలింది దులిపేయాలి. ఈ మైదా దేనికని నాకు చాలా రోజులు అర్థం కాలేదు. వేడికి నెయ్యి కరిగి పిండిలోకి ఇంకిపోకుండా, కిందికి జారకుండా అది పట్టి ఉంచుతుంది. చాక్లెట్ కేక్ అయితే మైదా బదులు కోకో పౌడర్ చల్లండి, లేకపోతే పైన తెల్లటి మచ్చలు పడతాయి. ఇదంతా రెండు దఫాలుగా చేయడం బద్ధకమైతే నెయ్యి, నూనె, మైదా సమానంగా తలా ఒక చెంచా కలిపి పేస్టులా చేసి బ్రష్‌తో పూసేయొచ్చు. ఇంట్లో కేకులు చేసి అమ్మేవాళ్లలో చాలామంది పద్ధతి ఇదే.

అడుగున కాగితం వేస్తే సగం భయం పోతుంది. బటర్ పేపర్ దొరికితే గిన్నె అడుగును దాని మీద పెట్టి పెన్సిల్‌తో గీసి, గుండ్రంగా కత్తిరించి వేయండి. మన ఊళ్లలో దానికి బదులు న్యూస్‌పేపర్‌కు నూనె రాసి వేయడం చూశాను. దయచేసి అది మాత్రం వద్దు. ఆ సిరా కడుపులోకి పోవడం మంచిది కాదు. న్యూస్‌పేపర్‌లో తిండి చుట్టొద్దని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2016లోనే హెచ్చరించింది. మిర్చి బజ్జీల బండి దగ్గర ఆ మాట ఎవరూ వినరనుకోండి.

రెండో తప్పు స్టీల్ గిన్నె. మెరుస్తుంది కదా అని తీసుకున్నాం. మెకానికల్ వాళ్లకు చెప్పక్కర్లేదు: అల్యూమినియం ఉష్ణవాహకత మీటరు కెల్విన్‌కు సుమారు 237 వాట్లు, స్టెయిన్‌లెస్ స్టీల్‌ది 15 దగ్గర. స్టీల్ గిన్నెలో వేడి చుట్టూ పాకదు, తగిలిన చోటే మాడుస్తుంది. మాడిన చోటే పట్టుకుంటుంది. ఇంట్లో ఏ మూలనో ఉండే పాత సిల్వర్ గిన్నె (అల్యూమినియాన్ని మనం సిల్వర్ అని ఎందుకంటామో గానీ, ఆ పేరులో ఎంత గౌరవమో!) కేక్‌కు స్టీల్ కన్నా ఎన్నో రెట్లు మేలు.

ఇవన్నీ నేను తర్వాత చదివి తెలుసుకున్నవి. కానీ ఆ పొద్దున గిన్నె తోముతూ అమ్మ అడిగిన ప్రశ్న వేరే.

"సల్లారనిచ్చినవా?"

"లేదమ్మా, వేడి మీదనే తీయాలని వీడియోల చెప్పిండు."

"తపాల చెక్క ఎప్పుడన్న వేడి మీద గుంజినమా రా? దానంతట అది లేస్తది."

తపాల చెక్క తెలియనివాళ్ల కోసం: వరంగల్ మిత్రులు సర్వపిండి అంటారు, ఇంకొందరు గిన్నప్ప అంటారు, వస్తువు ఒకటే. బియ్యప్పిండిలో పల్లీలు, నానబెట్టిన శనగపప్పు, నువ్వులు, కరివేపాకు, కారం కలిపి, నూనె రాసిన గిన్నె లోపల పల్చగా ఒత్తుతారు. వేలితో అక్కడక్కడా బొక్కలు పెట్టి, ఒక్కో బొక్కలో చుక్క నూనె వేసి, మూత పెట్టి సన్నని సెగ మీద ఉంచుతారు. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర రెండేళ్లకోసారి వచ్చినప్పుడు మా ఇంటి నిండా చుట్టాలే. అప్పుడు అమ్మ ఒక్క పూటలో పదీ పన్నెండు చెక్కలు తీస్తుంది. ఒక్కటీ విరగదు. చెక్క ఒత్తిన వెంటనే గిన్నెకు ఎట్లా కరుచుకుంటుందో చూసినవాళ్లకు, అది చివర్లో అంచులు ఎత్తుకొని గలగలమంటూ ఊడిరావడం వింతగానే ఉంటుంది. తడి పోయేదాకా అది గిన్నెను వదలదు. తడి పోయి అడుగు కరకరలాడితే చెక్క కొంచెం ముడుచుకుంటుంది, ఆ ముడుచుకోవడంలోనే లేస్తుంది. ముందే అట్లకాడ పెట్టినవాళ్లకు ముక్కలే దక్కుతాయి. రెండో చెక్కకు గిన్నె వేడిగా ఉంటే ఒత్తడం కుదరదు కాబట్టి గిన్నెను బోర్లించి వీపు మీద నీళ్లు పోస్తుంది అమ్మ. ఎప్పుడు వేడి కావాలి, ఎప్పుడు వద్దు అన్నది ఆమెకు చేతుల్లో ఉంది.

కేక్‌కూ అదే లెక్క. పొయ్యి మీంచి దించిన క్షణంలో కేక్ లోపలంతా ఆవిరి, గోడలు మెత్తన. అప్పుడు బోర్లిస్తే తన బరువుకు తనే విరుగుతుంది, మాకు జరిగింది అదే. పది పదిహేను నిమిషాలు ఆగితే అది గట్టిపడుతుంది, కొంచెం ముడుచుకొని అంచులు గిన్నెను వదులుతాయి. కంటికి కనిపిస్తుంది కూడా, గోడ పక్కన వెంట్రుకంత సందు. అప్పుడు పల్చటి చాకు ఒకసారి చుట్టూ తిప్పి, పళ్లెం మూసి, రెండూ కలిపి పట్టుకొని తిరగేయాలి. ఎక్కువసేపు ఆగినా చిక్కే. ఆవిరి నీళ్లయి అడుగు తడుస్తుంది, నెయ్యి పేరుకుంటుంది, పాకం బిగుస్తుంది. ఇడ్లీ పాత్ర దించగానే తీయకుండా రెండు నిమిషాలు ఆగి, తడి చెంచాతో తీస్తాం కదా. అది తెలిసినవాళ్లెవరికీ కేక్ గురించి కొత్తగా చెప్పాల్సింది లేదు.

మరి వీడియోవాళ్లు వేడి మీదనే తీయమని ఎందుకన్నారు? నేను ఆ వీడియో మళ్లీ చూశాను. అందులో గిన్నె బోర్లించే చెయ్యి ఒక షాట్, పళ్లెంలో గుండ్రంగా కూర్చున్న కేక్ ఇంకో షాట్. మధ్యలో కట్. ఇంకో నాలుగు వీడియోలు చూశాను, మూడింట్లో అదే చోట కట్. అసలు కథంతా ఆ కట్‌లోనే ఉంది! పిండి కలపడం రెండు నిమిషాలు చూపిస్తారు, క్రీము పూయడం మూడు నిమిషాలు చూపిస్తారు. గుండె దడదడలాడే ఆ పది నిమిషాలు మాత్రం ఎవరూ చూపించరు. నిరీక్షణకు వ్యూస్ రావేమో. పొరపాట్లు కత్తిరించిన వీడియోలు చూసి, మన చేతిలో పొరపాటు జరగ్గానే మన గిన్నెనే అనుమానిస్తాం. వెంటనే కింద లింకు ఉంటుంది, టిన్ను కొనుక్కోమని.

నాన్‌స్టిక్ మీద నాకు పగ లేదు. దాని పుట్టుక కథ మన ల్యాబుల్లో గోడ మీద రాసి పెట్టదగ్గది. 1938 ఏప్రిల్ 6న అమెరికాలో డ్యూపాంట్ కంపెనీలో పనిచేసే రాయ్ ప్లంకెట్ అనే 27 ఏళ్ల కెమిస్టు గ్యాస్ సిలిండర్ తిప్పితే గ్యాస్ రాలేదు. బరువు చూస్తే సిలిండర్ నిండుగానే ఉంది. మనమైతే సిలిండర్ పాడైందని పక్కన పడేసేవాళ్లం. ఆయన దాన్ని కోయించి చూశాడు, లోపల తెల్లటి, జారిపోయే పొడి. అదే టెఫ్లాన్. దాని మీద నీటిచుక్క కాంటాక్ట్ యాంగిల్ 110 డిగ్రీల దాకా ఉంటుంది, అంటే నీళ్లు కూడా దాన్ని తాకడానికి ఇష్టపడవు. తర్వాత ఫ్రాన్సులో మార్క్ గ్రెగ్వార్ అనే ఇంజినీరు 1954లో దాన్ని అల్యూమినియానికి పట్టించే దారి కనిపెట్టాడు. దేనికీ అంటుకోనిదాన్ని గిన్నెకు అంటించడం, ఆలోచిస్తే అదే పెద్ద విద్య. వంటపాత్రల మీద వేయమని భార్య కోలెట్ చెప్పిందనీ, అప్పటిదాకా ఆయన ధ్యాస చేపలు పట్టే సామాను మీద ఉండేదనీ అంటారు. 1956లో వాళ్లు పెట్టిన కంపెనీ టెఫాల్.

కాబట్టి టిన్ను పనిచేస్తుంది, కాదనను. కానీ అది ఎవరి వంటింట్లో పనిచేస్తుంది? చెక్క గరిటెలు, మెత్తటి స్పాంజి, కేక్‌కు తప్ప దేనికీ వాడని టిన్నుకు ఒక అర ఉన్న వంటింట్లో. మా ఇంట్లో ఏ గిన్నెకూ ఒకటే పని ఉండదు. పొద్దున పాలు, మధ్యాహ్నం పప్పు, సాయంత్రం ఎవరికో మజ్జిగ. అన్నిటికీ స్టీల్ గరిటె, స్టీల్ పీచు. ఏడాది తిరక్కుండానే ఆ నల్లపూత గీతలు పడి లేస్తుంది, లేచిన చోట కేక్ మామూలు గిన్నె కన్నా గట్టిగా పట్టుకుంటుంది. పూత 260 డిగ్రీల దాకా బాగానే ఉంటుంది గానీ, ఖాళీ పాత్రను పెద్ద మంట మీద మరిచిపోతే ఆ హద్దు దాటడానికి ఎంతోసేపు పట్టదు. ఆ పూత తయారీలో ఒకప్పుడు వాడిన పీఎఫ్‌ఓఏ అనే రసాయనాన్ని 2019లో స్టాక్‌హోమ్ ఒప్పందంలో నిషేధించాల్సిన వాటిలో చేర్చారు. ఇప్పుడు దొరికేవాటిలో అది వాడటం లేదంటారు, సరే. నా అభ్యంతరం భయం గురించి కాదు. ఇంట్లో ఉన్న నెయ్యి, పిండి, పది నిమిషాల ఓపికతో తీరే సమస్యకు ఐదారు వందలు పెట్టమనడం మీదే.

ఇంకో మాట. "అంటుకుంటే ఏమైంది, రుచి బాగుంది కదా" అని గ్రూపులో ఒకరు అన్నారు. రుచి బాగుంది, నిజమే. కానీ ఆ మాట అనేవాళ్లు గిన్నె తోమేవాళ్లు కాదు. అంటుకున్న కేక్ మనకు ఒక ఫొటో, ఒక జోకు. తోమే మనిషికి ఒక రాత్రి నానబెట్టడం, ఒక పొద్దున పీచు, గోళ్ల సందుల్లో మాడు. పుట్టినరోజు చేస్తామని చెప్పి, ఆ పుట్టినరోజు మనిషికే మరుసటి రోజు అరగంట చాకిరీ ఇచ్చాం. గిన్నెకు నెయ్యి రాయడం నా లెక్కలో వంట చిట్కా కన్నా ముందు తోమేవాళ్లకు ఇచ్చే మర్యాద. ఈ సంగతి నాకు ఆ గడప మీద కూర్చున్నప్పుడు తట్టలేదు, మళ్లీ బస్సెక్కాక తట్టింది. అప్పటికి గిన్నె మెరుస్తూ బోర్లించి ఉంది.

ఒక న్యాయమైన మినహాయింపు కూడా చెప్పాలి. అన్ని కేకులకూ నెయ్యి పూయకూడదు. అమెరికావాళ్లు ఏంజెల్ ఫుడ్ కేక్ అని ఒకటి చేస్తారు, గుడ్డు తెల్లసొన నురుగుతో. దానికి గిన్నెకు చుక్క నూనె కూడా రాయరు. ఆ నురుగు గోడలను పట్టుకొని పైకి పాకాలి, పట్టు దొరక్కపోతే కూలిపోతుంది. చల్లారేదాకా గిన్నెను తలకిందులుగా వేలాడదీస్తారు, అంటుకొని ఉంటుంది కాబట్టే పడదు. అంటే అంటుకోవడం కూడా ఒక్కోసారి పనికొస్తుంది. మనం చేసే మామూలు కుక్కర్ కేక్‌కు ఈ గొడవ లేదు.

సంక్రాంతి సెలవులకు పోయినప్పుడు రెండోసారి చేశాం. చెక్క చేసే సిల్వర్ గిన్నెనే తీసుకున్నాం. పేరుకున్న నెయ్యి నేను రాశాను, మైదా చెల్లె దులిపింది, అడుగున బటర్ పేపర్ వేశాం. దించాక అమ్మ ఆ గిన్నెను మా చేతికి ఇవ్వలేదు. కిటికీ దగ్గర పెట్టి, తను కొంగుతో చేతులు తుడుచుకుంటూ పక్కనే నిలబడింది. చెల్లె రెండుసార్లు చాకు తెచ్చింది, రెండుసార్లూ వెనక్కి పంపింది. కొంతసేపటికి గిన్నెను అటూ ఇటూ ఊపి, చెవి దగ్గర పెట్టుకొని విన్నది. చెక్క లేచిందో లేదో చూసేటప్పుడు కూడా అట్లాగే వింటుంది.

"ఆఁ, ఇప్పుడు తియ్యి" అన్నది.

తట్టాల్సిన పని కూడా రాలేదు. గిన్నె లోపల చూస్తే నాలుగు చుక్కల నెయ్యి, ఇంత పొడి. రెండు నిమిషాల్లో నేనే కడిగేశాను. కేక్‌కు సన్నగా కరివేపాకు వాసన వచ్చిందని చెల్లె ఇప్పటికీ అంటుంది, నాకైతే రాలేదు.

ఎప్పుడైనా మరిచిపోయి కేక్ గిన్నెలోనే పూర్తిగా చల్లారిపోతే కంగారుపడి పొడవకండి. స్టవ్ సన్నగా పెట్టి గిన్నె అడుగును దాని మీద కొద్ది సెకన్లు అటూ ఇటూ తిప్పండి. పేరుకున్న నెయ్యి కరుగుతుంది, పాకం వదులవుతుంది. అప్పుడు బోర్లించండి. బట్టతో పట్టుకోండి, కాలుతుంది.